పెరడు, అటక: మన్యం తిండి చరిత్ర

చరిత్ర పాఠంలో మన్యం గురించి చెప్పేటప్పుడు రెండు మాటలు తప్పకుండా వస్తాయి. ఒకటి పోడు, రెండోది పితూరీ. ఈ రెండూ మన చరిత్రలో ఉన్నవే, కాదనలేం. అయితే పాఠం అక్కడితో ముగిసిపోతే పిల్లల మనసులో ఒక బొమ్మ మిగిలిపోతుంది. ఆదివాసి అంటే ఏ పూట తిండి ఆ పూట వెతుక్కునేవాడు, రేపటి గురించి ఆలోచన లేనివాడు, కోపం వస్తే విల్లు పట్టేవాడు అన్న బొమ్మ అది. మన పిల్లలు కూడా దాన్నే నమ్మి పెద్దవాళ్లవుతున్నారు. ఆ బొమ్మ తప్పని చెప్పడానికి పెద్ద గ్రంథాలు అక్కర్లేదు. ఇంటి చుట్టూ ఉన్న పెరడు, పొయ్యి మీద ఉన్న అటక చాలు.

కొండ మీద పంట చేతికొచ్చేది ఏడాదిలో నాలుగైదు నెలలు. కడుపు నింపాల్సింది పన్నెండు నెలలు. మధ్యలో ఉన్న ఈ ఖాళీని మన పూర్వికులు ఎట్లా దాటారు? పెరట్లో ఏది ఎప్పుడు పండాలో, అటక మీద ఏది ఎన్నాళ్లు ఉండాలో లెక్క వేసుకుని దాటారు. ఆ లెక్క కాగితం మీద లేదు. ఆడవాళ్ల చేతుల్లో ఉంది. అందుకే దాన్ని ఎవరూ చరిత్ర అనలేదు.

పెరట్లోకి ఎవరు ఎప్పుడు వచ్చారు

ముందు పెరడు చూద్దాం. దడి మీద చిక్కుడు, పాక కప్పు మీద గుమ్మడి, ఆనప. దడి లోపల మొక్కజొన్న, మిరప, వంగ, పసుపు, అల్లం, పెండలం. ఓ మూల బొప్పాయి, ఇంకో మూల పనస. ఇవన్నీ తాతల నాటి నుంచి ఇట్లాగే ఉన్నాయని మనం అనుకుంటాం. కానీ ఒక్కో మొక్కది ఒక్కో చరిత్ర.

కంది మన గడ్డ బిడ్డ. ఈ పంటకు పుట్టినిల్లు భారతదేశమేనని, దీని అడవి చుట్టం ఒడిశా, బస్తర్, తూర్పు కనుమల ప్రాంతంలో ఇప్పటికీ పెరుగుతోందని వృక్షశాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఒడిశాలోని గోపాల్‌పూర్ తవ్వకాల్లో సుమారు మూడు వేల ఏళ్ల నాటి కంది గింజలు దొరికాయి. అంటే దేశమంతా రోజూ తినే పప్పును అడవి తీగల మధ్య నుంచి ఏరి, విత్తి, పంటగా మలిచింది మన కొండల చుట్టుపక్కల బతికిన మనుషులే కావచ్చు. పాఠంలో ఈ మాట ఒక్క వాక్యంగా చేరినా మన పిల్లవాడు తరగతిలో తల ఎత్తి కూర్చుంటాడు.

మనం చోడి అని పిలిచే రాగి ఆఫ్రికా కొండల్లో పుట్టి వేల ఏళ్ల కిందట ఈ దేశానికి వచ్చింది. వలిసెలు కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. మొక్కజొన్న, మిరప, గుమ్మడి, బొప్పాయి, సీతాఫలం అమెరికా ఖండాల ఆదివాసులు పెంచిన పంటలు. 1498లో వాస్కో డ గామా కాలికట్‌కు వచ్చిన తరువాత పోర్చుగీసు ఓడలతోనూ, ఆ తరువాతి వర్తకంతోనూ ఇవి మన దేశంలో అడుగుపెట్టాయి. రేవు నుంచి సంతకు, సంత నుంచి కొండకు మెల్లగా ఎక్కాయి. మిరప రాకముందు కారానికి పిప్పలి, మిరియాలు ఉండేవి. పిప్పలి ఇప్పటికీ మన్యంలో పండుతోంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కొత్త మొక్క వచ్చినప్పుడు మన పెద్దలు దాన్ని గుడ్డిగా తీసుకోలేదు, గుడ్డిగా తోసిపుచ్చలేదు. దేనికి పనికొస్తుందో చూసి చోటిచ్చారు. మొక్కజొన్న సంగతే తీసుకోండి. తొలకరికి ఇంటి పక్కన నాలుగు సాళ్లు వేస్తే శ్రావణ భాద్రపదాలకు పొత్తులు వస్తాయి. అప్పటికి కొండ మీద చోడి ఇంకా పచ్చిగానే ఉంటుంది, గాదెలో పాత గింజ అయిపోయి ఉంటుంది. అంతకు ముందు ఆ లోటును తొందరగా పండే సామ ఒక్కటే మోసేది. మొక్కజొన్న వచ్చి సామకు తోడు నిలిచింది. అందుకే దాన్ని దూరపు చేలో కాక, ఇంటి గుమ్మం పక్కన పెట్టుకున్నారు. కోతులూ పందులూ రాకుండా కాపలా కాయడానికి కూడా అదే అనువు. ఇది ఆలోచన లేనివాళ్లు చేసే పని కాదు.

ఉప్పు తక్కువైన చోట నిల్వ

మైదానంలో నిల్వ అనగానే ఆవకాయ గుర్తొస్తుంది. ఉప్పు, నూనె, కారం దండిగా వేసి జాడీలో పెడతారు. మన ఇళ్లలో ఊరగాయ జాడీ పాత వస్తువు కాదు. కారణం ఉప్పు.

ఉప్పు సముద్రం ఒడ్డున పుడుతుంది. రోడ్లు లేని రోజుల్లో బంజారాలు ఎద్దుల మీద ఉప్పు వేసుకుని కనుమలు ఎక్కి జయపురం, బస్తర్ దాకా తీసుకెళ్లేవాళ్లు. తిరుగు దారిలో ధాన్యం, అడవి సరుకు దించేవాళ్లు. అంత దూరం మోసిన ఉప్పు చవక ఎట్లా అవుతుంది? దాని మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన పన్ను ఒకటి. సంతలో చింతపండు ఇచ్చి పిడికెడు ఉప్పు తెచ్చుకునే ఇంట్లో, ఆ ఉప్పును ఊరగాయలో పోసేస్తారా? కూరలోకే పొదుపుగా వాడారు. నిల్వకు వేరే దారులు వెతుక్కున్నారు. ఎండ, పొగ, బూడిద, పారే నీళ్లు. ఈ నాలుగింటికీ డబ్బు అక్కర్లేదు.

ఎండ సంగతి అందరికీ తెలిసిందే. కింది మన్యంలో ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే చెట్టు కిందకు పోయి ఏరుకొస్తారు. బండల మీద ఆరబోస్తే పువ్వు ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. వానల్లో దాన్ని ఉడికించుకు తింటారు. మామిడి రసం పొర మీద పొర పోసి ఎండబెడితే తాండ్ర. వంకాయ ముక్కలు, చిక్కుడు పిక్కలు, పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు అన్నీ ఎండకే వెళతాయి. పనస పిక్కలను మాత్రం ఆరబెట్టి ఇసుకలో పెడతారు.

పొగ పని అటక మీద జరుగుతుంది. మన పాత ఇంట్లో పొయ్యికి సరిగ్గా పైన వెదురు కర్రలతో అటక కడతారు. కింద మంట, పైన గింజ. వానాకాలం నాలుగు నెలలూ బయట గాలి తడిగా ఉంటుంది. తడి తగిలితే గింజకు బూజు, పురుగు రెండూ పడతాయి. పొయ్యి వేడి ఆ తడిని రోజుకు రెండుసార్లు తీసేస్తుంది. పొగ పురుగును దగ్గరికి రానివ్వదు. విత్తనానికి దాచిన మొక్కజొన్న పొత్తులను పొట్టుతోనే జడలా అల్లి ఆ పొగలో వేలాడదీసేది ఇందుకే. పొత్తు నల్లబడుతుంది కానీ లోపల గింజ బతికే ఉంటుంది.

బూడిదది ఇంకో పద్ధతి. కంది, బొబ్బర, చిక్కుడు లాంటి పప్పు గింజలకు పురుగు తొందరగా పడుతుంది. వాటిని బాగా ఎండబెట్టి, జల్లించిన బూడిద కలిపి, ఎండిన ఆనపకాయ బుర్రలో పోసి మూతి బిగిస్తారు. గింజకూ గింజకూ మధ్య ఖాళీని బూడిద పూడ్చేస్తుంది. పురుగు కదలలేదు, దాని ఒంటి తడి ఆరిపోతుంది. కొన్ని చోట్ల కందికి ఎర్రమట్టి పట్టించి ఎండబెడతారు. కొన్ని చోట్ల వావిలాకు వేస్తారు. చోడికి ఇవేమీ అవసరం లేదు. ఎండిన చోడి గాదెలో ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. అందుకే కరువు భయం ఉన్న ప్రతి ఇంటికీ చోడే ధైర్యం. ఏడో తరగతి సైన్సు పాఠం చెప్పే టీచరు ఈ బుర్ర ఒక్కటి బల్ల మీద పెట్టి చెబితే తేమ, గాలి, కీటకం అన్నీ పిల్లలకు కళ్లకు కట్టినట్టు అర్థమవుతాయి.

కొత్తల పండుగల వెనక ఉన్న కట్టుబాటు

మన పండుగలను చూసేవాళ్లు డప్పు, థింసా ఆట మాత్రమే చూస్తారు. వాటి లోపల ఒక చట్టం ఉంది. మామిడికి పండుగ, చిక్కుడుకు పండుగ, సామకు, కందికి కొత్తలు. కోయల నుంచి సవరల దాకా పేర్లు మారతాయి కానీ మాట ఒక్కటే. పండుగ చేసి ఊరి దేవతకు పెట్టేవరకు కొత్త పంట ఎవరూ నోట పెట్టకూడదు.

ఎందుకు పెట్టి ఉంటారు? ఆకలిగా ఉన్నవాడు పచ్చికాయనే కోసుకుంటాడు. ఒకడు కోస్తే పక్కవాడూ కోస్తాడు. అప్పుడు మామిడి టెంక ముదరదు, చిక్కుడు పిక్క గట్టిపడదు, వచ్చే ఏటికి విత్తనం ఉండదు. ఊరంతా ఒకే రోజున మొదలుపెట్టాలన్న కట్టుబాటు ఉంటే కాయ ముదురుతుంది, విత్తనం నిలుస్తుంది, ఉన్నవాడూ లేనివాడూ ఒకే నాడు తింటారు. మన విశాఖ మన్యంలో చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. అప్పుడు ఇంటింటి విత్తనాలు దేవుడి ముందు పెట్టి పూజించాకే నేల మీద చల్లుతాం. అటవీ శాఖ పుట్టక ముందే, బోర్డులూ జరిమానాలూ లేకుండానే, కాపాడుకోవడం అనేది మన ఊళ్లలో ఇట్లా నడిచింది.

టెంక చెప్పే రెండు కథలు

ఆషాఢ శ్రావణాలను మన పెద్దలు ఆకలి నెలలు అనేవాళ్లు. ఆ నెలల కోసమే మామిడి టెంకలు దాచేవాళ్లు. పండు తిన్నాక టెంకలను పారేయకుండా ఎండబెట్టి అటక ఎక్కిస్తారు. వానల్లో పగలగొట్టి లోపలి జీడి తీసి, దంచి, బుట్టలో కట్టి పారే గెడ్డలో ఉంచుతారు. వగరు నీళ్లతో పోతుంది. తరువాత ఆరబెట్టి పిండి చేసి అంబలి కాస్తారు. 1940ల్లో గోదావరి కొండల్లో తిరిగిన హైమన్‌డార్ఫ్ కొండరెడ్ల గురించి రాసిన పుస్తకంలో మామిడి టెంకలు, జీలుగు చెట్టు గుజ్జు వాళ్లను ఆ నెలల్లో బతికించిన సంగతి ఉంది.

ఇది టెంక చెప్పే మొదటి కథ, తెలివి కథ. రెండో కథ 2001 నాటిది. ఆ ఏడు వానాకాలంలో మనకు పొరుగునే ఉన్న రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో టెంక అంబలి తాగి పలువురు ఆదివాసులు చనిపోయారు. బూజు పట్టిన టెంకలు కారణమని కొందరన్నారు. ఇంట్లో వేరే గింజ లేకపోవడమే అసలు కారణమని మరికొందరన్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. టెంక అటక మీద చివరి వస్తువు. దాని ముందు చోడి, సామ, కంది, ఇప్పపువ్వు వరసగా ఉండాలి. ముందున్నవన్నీ పోయి చివరిది ఒక్కటే మిగిలినప్పుడు ఎంత పాత తెలివైనా కాపాడలేదు.

కాబట్టి పాత రోజులన్నీ బంగారం అని నేను అనను. ఆకలి ఉండేది. పొగకు ఆడవాళ్ల కళ్లు పోయేవి. దంచి, ఏరి, మోసి వాళ్ల నడుములు వంగిపోయేవి. నేను అడుగుతున్నది వేరే ప్రశ్న. ఆ వరసను ఎవరు చెరిపారు?

అటక ఖాళీ అయిన దారి

1879లో రంప పితూరీ వచ్చింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రారెడ్డి లాంటివాళ్ల పేర్లు మనకు తెలుసు. ఎందుకు వచ్చిందో చూడండి. అప్పటిదాకా ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కు కొండవాళ్లకు ఉండేది. కొండవాళ్లకు కల్లు మత్తు కోసం మాత్రమే కాదు, గింజ లేని నెలల్లో కడుపు నింపేది కూడా. కొత్త ఆబ్కారీ చట్టం ఆ హక్కును కాంట్రాక్టర్ల చేతిలో పెట్టింది. పైన మునసబుదారు చిగురు పన్ను గుంజాడు. మరో పక్క మైదానం వర్తకులు చిన్న అప్పులకు కోర్టు డిక్రీలు తెచ్చి పశువులను, పంటను పట్టుకుపోయారు. అంటే ఆ పితూరీకి ఒక మూలం కొండవాళ్ల తిండి మీద పడిన చెయ్యి.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు హద్దు రాళ్లు పడిన చోట పోడు నేరమైంది. చోడి, సామ, కంది పండే నేల తగ్గింది. అప్పుడు పెరటి మీద బరువు పెరిగింది. హద్దు రాయి ఇంటి దడి దాకా వచ్చింది కానీ దడి దాటి లోపలికి రాలేదు. ఆ పది సెంట్ల నేలే చాలా ఇళ్లను నిలబెట్టిందని నా నమ్మకం.

తరువాత అప్పు వచ్చింది. వానల్లో రెండు కుంచాల గింజ ఇచ్చి, పంట మీద కళ్లంలోనే కొలుచుకుపోయే షావుకార్లు ఎక్కువయ్యారు. కళ్లం నుంచి బయటికి పోయిన గింజ అటక ఎక్కదు. ఈ దోపిడీ ఎంత ముదిరిందంటే 1917లో ఏజెన్సీలో వడ్డీకీ, భూమి బదిలీకీ పగ్గం వేస్తూ మద్రాసు ప్రభుత్వమే చట్టం చేయాల్సి వచ్చింది. అయిదేళ్లకు గూడెంలో రోడ్డు పనికి జనాన్ని చాలని కూలికి తోలడం, పోడు మీద ఆంక్షలు కలిసి అల్లూరి సీతారామరాజు నడిపిన పితూరీకి దారి తీశాయి. చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి 1922 ఆగస్టు 22న జరిగింది. మన లెక్కలో అది అటక అడుగంటే కాలం.

స్వతంత్రం వచ్చాక మంచి కూడా జరిగింది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి చింతపండు, అడవి సరుకు కొనడం మొదలుపెట్టింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎంతమంది ప్రాణాలు నిలిపిందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. అయితే బియ్యంతో పాటు తెలియకుండా ఒక మార్పు వచ్చింది. నెలనెలా బియ్యం వస్తుంటే చోడి, సామ వేయడం తగ్గింది. కొండ వాలుల్లోకి కాఫీ, జీడిమామిడి వచ్చాయి. చేతికి డబ్బొచ్చింది, కంచంలో రకాలు తగ్గాయి. 100 గ్రాముల చోడిలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పది మిల్లీగ్రాముల దరిదాపులోనే ఉంటుంది. రక్తహీనత, నీరసం ఉన్న తల్లుల గురించి మాట్లాడేటప్పుడు ఈ మారిన కంచాన్ని కూడా చూడాలి.

ఇంకో మార్పు ఇంటి కప్పుది. స్లాబు ఇల్లు వానకు కారదు, నిప్పుకు భయం లేదు. మంచిదే. కానీ స్లాబు కింద అటక లేదు. గ్యాసు పొయ్యికి పొగ లేదు. గుమ్మడి పాకడానికి గడ్డి కప్పు లేదు. విత్తనం దాచే చోటు పోయాక విత్తనమూ పోయింది. ఇప్పుడు చిక్కుడు విత్తనాల పొట్లం కూడా సంతలో కొంటున్నాం.

బడి క్యాలెండరు, పెరటి క్యాలెండరు

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మా టీచర్లకు సంబంధించింది. ఆశ్రమ పాఠశాల జూన్‌లో తెరుస్తాం. అదే విత్తే నెల. ఏప్రిల్‌లో మూస్తాం. అప్పటికి చివరి చిక్కుడు కూడా ఎండిపోయి ఉంటుంది. అంటే అయిదో ఏటో ఆరో ఏటో హాస్టల్లో చేరిన బిడ్డ విత్తడం, కలుపు తీయడం, కోత, ఎండబెట్టడం, బుర్రలో పోయడం ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా చూడకుండానే పదో తరగతి పాసవుతాడు. దసరాకు, సంక్రాంతికి చుట్టంలా వచ్చిపోతాడు. చదువు మనకు కావాలి. ఆ చదువు వల్లనే నేనీ వ్యాసం రాస్తున్నాను. కానీ చదువు కోసం ఇంటి విద్య వదులుకోవాలన్న షరతు ఎవరూ పెట్టలేదు. మనమే పట్టించుకోలేదు.

పొరుగున కోరాపుట్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడి సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అక్కడి పరజా తెగకు చెందిన కమలా పూజారి దేశవాళీ వరి విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్నారు. మన అరకు వైపు ఉన్న పోర్జాలు వాళ్ల బంధువులే. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. పట్నం షాపులో చోడిపిండి ప్యాకెట్టు కట్టి అమ్ముతున్నారు. మన ఇంటి గాదె మాత్రం ఖాళీగా ఉంది.

చేయదగిన పనులు పెద్దవేమీ కావు. ప్రతి బడిలో దడి కట్టిన చిన్న పెరడు ఉండాలి. చిక్కుడు, కంది, మొక్కజొన్న, ఆనప వేసి, వాటి విత్తనాన్ని పిల్లల చేతే ఎండబెట్టించి బూడిదతో బుర్రకెత్తించాలి. పై తరగతికి వెళ్లే పిల్లలు ఆ బుర్రను కింది తరగతికి అప్పగించాలి. సాంఘిక శాస్త్రం టీచరు రంప పితూరీ పాఠం చెప్పే రోజున కల్లు హక్కు ఎందుకంత ముఖ్యమైందో పిల్లల్ని అవ్వనడిగి రాసుకు రమ్మనాలి. ఊళ్లో ఉన్న యువకులు ఏ ఇంట్లో ఏ రకం విత్తనం మిగిలిందో ఒక నోటుబుక్కులో ఎక్కించాలి. ఆ రకం పేరు మన భాషలోనే రాయాలి, ఎందుకంటే విత్తనం పోతే పేరు పోతుంది, పేరు పోతే వెతకడానికి కూడా ఏమీ మిగలదు. స్లాబు ఇల్లు కట్టుకునేవాళ్లు పెరట్లో ఓ చిన్న వంటపాక, దానికో అటక ఉంచుకోవాలి.

ఈ పనులకు ఏ పథకం కోసమూ ఎదురు చూడక్కర్లేదు. అయితే ఆలస్యం చేయడానికి వీల్లేదు. బూడిద ఎంత కలపాలో, టెంకను గెడ్డలో ఎన్ని రోజులు ఉంచాలో, ఏ చిక్కుడు ఏ నెలలో కాస్తుందో తెలిసిన అవ్వలు ఊరికి కొద్దిమందే ఉన్నారు. వచ్చే సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల పక్కన కూర్చుని అడగండి. చెప్పింది రాసుకోండి. తొలకరికి విత్తండి.